నాము భయానికి పిక్రేట్ కాగితం: రెండు పంటలు వాడి చూశాక

కోసిన జొన్న మోళ్ల నుంచి వానకు లేచిన పిలకలను ఆబగా మేసిన పశువు కాసేపటికే కూలిపోవడం చూసినవారికి నాము గురించి, అంటే లేత జొన్న మేతలోని సైనైడ్ విషం గురించి, వేరే చెప్పనక్కరలేదు. ఆ భయంతోనే నేను మేతలోని సైనైడ్‌ను పట్టిచూపే పిక్రేట్ కాగితాల పెట్టె కొని, రెండు పంటల కాలం వాడాను.

వాడకం తేలికే. లేత ఆకులను నలిపి గాజు గొట్టంలో వేసి, రెండు మూడు చుక్కల క్లోరోఫాం పోసి, తడి పసుపు కాగితాన్ని ఆకులకు తగలకుండా వేలాడదీసి బిరడా బిగించాలి. మోకాలెత్తు కూడా లేని, బెట్టకు వాడిన పిలకలతో మొదటిసారి చూసినప్పుడు, గొట్టాన్ని అరచేతుల మధ్య వెచ్చబెడుతుండగానే కాగితం నారింజకు తిరిగి ఇటుక రంగుకు దిగింది. అదే చేలో పూతకొచ్చిన మొక్కల ఆకుకు మాత్రం చాలాసేపు పసుపుగానే నిలిచింది.

నా అభ్యంతరమంతా పెట్టెలోని సూచనల కాగితం మీదే. రంగు మారకపోతే నిశ్చింతగా మేపవచ్చని అందులో రాశారు. అది ఒప్పుకోలేని మాట, ఎందుకంటే పిడికెడు ఆకు చేనంతటికీ సాక్ష్యం కాదు, పిలకలను విడిగా పరీక్షించాలన్న ముక్క అందులో ఎక్కడా లేదు. అదే బెట్ట జొన్నలో పేరుకునే మరో విషం నైట్రేట్‌ను ఈ కాగితం పట్టదు; పైగా ఎండబెడితే సైనైడ్ చాలావరకు తగ్గుతుంది గానీ నైట్రేట్ తగ్గదు. గన్నేరు, లాంటానా వంటి వాటి విషం సంగతి సరేసరి.

జొన్నలోని ధురిన్ అనే పదార్థం నుంచి సైనైడ్‌ను విడుదల చేయడంలో నెమరువేసే పశువు పొట్టలోని సూక్ష్మజీవులకూ పాత్ర ఉంది కనుక, ఎంత తిన్నదన్నదే కాదు, ఎంత వేగంగా తిన్నదన్నదీ ముఖ్యమే. అందుకే పసుపు కాగితం చూసిన రోజున కూడా నేను ముందు ఎండుగడ్డి వేసి, నీళ్లు పట్టి, ఆ తరువాతే మందను వదిలాను. కొత్తగా కొన్న పశువులను, వాటికి ఈ నేలలోని మొక్కలు తెలియవు కాబట్టి, కొన్నాళ్లు విడిగానే మేపాను. పైరు 60 సెంటీమీటర్లు దాటేదాకా చేలోకి దేన్నీ వదలలేదు.

కాగితాలుంచిన సీసా మూత వదులు, అందువల్ల సగం కాగితాలు రెండో పంట నాటికి ఎండిపోయాయి. అయినా మళ్లీ కొంటాను, ఈసారి చిన్న పెట్టె.