ఫ్రీఫైల్‌సింక్‌తో తొమ్మిదేళ్ళు: ఫొటోల బ్యాకప్, రెండు డిస్కులు, ఒక వరద

నేను విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటాను. ఉద్యోగానికీ ఫొటోలకూ సంబంధం లేకపోయినా, సెలవు దొరికితే కెమెరా పట్టుకుని కొల్లేరు వైపు, ముఖ్యంగా కైకలూరు దగ్గరి ఆటపాకకు, గూడబాతుల కోసం వెళ్ళడం చాలా ఏళ్ళుగా అలవాటు. రా ఫార్మాట్‌లో, అంటే కెమెరా పట్టినదాన్ని పట్టినట్టే దాచే పద్ధతిలో, తీస్తాను కాబట్టి ఒక్కో ఫొటో 25 నుంచి 30 ఎంబీ దాకా ఉంటుంది. వీటికి మా నాన్నగారి పాత నెగెటివ్‌ల స్కాన్లు, చుట్టాల శుభకార్యాలలో తీసినవి కలిపితే ఇప్పుడు లక్షా పది వేల పైచిలుకు ఫైళ్ళు, సుమారు 3.1 టీబీ అయ్యాయి. వీటి బ్యాకప్‌కు 2016 నుంచి ఫ్రీఫైల్‌సింక్ అనే ఉచిత ప్రోగ్రామునే వాడుతున్నాను. ఈ సమీక్ష ఆ ప్రోగ్రాము గురించి ఎంతో, దాన్ని బయటి హార్డ్ డిస్కులతో కలిపి వాడిన పద్ధతి గురించీ అంతే.

అంతకు ముందు నా పద్ధతి చాలామందిదే. డిస్కు నిండగానే ఇంకొకటి కొని, తోచిన ఫోల్డర్లను దానిలోకి కాపీ చేసుకునేవాడిని. మూడు డిస్కులలోనూ ‘కొల్లేరు కొత్తవి’ అన్న పేరుతో ఫోల్డర్లు ఉండేవి. వాటిలో ఏది నిజంగా కొత్తదో తెలియక, మూడింటినీ తెరిచి లెక్కపెట్టుకోవలసి వచ్చేది. కాపీ మధ్యలో కరెంటు పోతే ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు. చివరి ఫైలు సగమే రాసి ఉన్నా పేరు మాత్రం పూర్తిగా కనబడేది. ఫ్రీఫైల్‌సింక్‌లో నాకు మొదట నచ్చింది ఈ విషయమే. అది ఫైలును ముందు ఒక తాత్కాలిక పేరుతో రాసి, రాయడం పూర్తయ్యాకే అసలు పేరు పెడుతుంది కాబట్టి, కేబుల్ ఊడినా కరెంటు పోయినా సగం ఫైలు పూర్తి ఫైలులాగా చెలామణీ కాదు.

నా అమరిక ఇది. అసలు ఫొటోలు కంప్యూటర్ లోపలి 4 టీబీ డిస్కులో ఉంటాయి. ‘కృష్ణ’ అని పేరు పెట్టిన బయటి డిస్కు ఇంట్లోనే ఉంటుంది, దానికి ప్రతి ఆదివారం బ్యాకప్ జరుగుతుంది. ‘గోదావరి’ అన్న రెండోది గుంటూరులో మా అక్కయ్య ఇంట్లో, బీరువాలో పట్టుచీరల కింద ఉంటుంది. దాన్ని మూడు నెలలకోసారి తెచ్చి, తాజా చేసి, మళ్ళీ అక్కడే పెట్టి వస్తాను. మొదట్లో అక్కయ్య నవ్వేది, ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా తనే, ‘ఒరేయ్, నీ డబ్బా భద్రంగానే ఉందిలే’ అంటుంది. మూడు ప్రతులు, రెండు చోట్లు. ఫొటోగ్రాఫర్లలో ప్రచారంలో ఉన్న 3-2-1 నియమం (మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒక ప్రతి వేరే చోట) రెండు రకాల మాధ్యమాలు కూడా ఉండాలంటుంది. అంతవరకు నేను పాటించలేదు, కారణం ఖర్చే.

డిస్కులకు పేర్లు సరదాకు పెట్టినవి కావు. విండోస్ ఒకసారి ‘ఇ’ అన్న డిస్కును ఇంకోసారి ‘ఎఫ్’ అంటుంది, అక్షరాన్ని నమ్ముకుని బ్యాకప్ నడిపితే ఏదో ఒక రోజు తప్పు డిస్కు మీద పడటం ఖాయం. ఈ ప్రోగ్రాములో డ్రైవ్ అక్షరానికి బదులు చదరపు బ్రాకెట్లలో డిస్కు పేరు రాసే వీలుంది. అప్పుడు ఏ పోర్టులో పెట్టినా అది ‘కృష్ణ’నే వెతుక్కుంటుంది, ‘కృష్ణ’ లేకపోతే పని మొదలుపెట్టదు. చూడటానికి చిన్న సౌకర్యమే అయినా, వేరు వేరు డిస్కులను మార్చి మార్చి తగిలించేవారికి అసలు ప్రాణం ఇదే.

ఇక పద్ధతుల విషయం. ఇందులో మిరర్, అప్‌డేట్, టూ వే అని మూడు ముఖ్యమైన పద్ధతులు ఉన్నాయి. మిరర్ అంటే ఎడమవైపు (అసలు ఫొటోలు) ఎలా ఉంటే కుడివైపు (బ్యాకప్) అచ్చం అలాగే చేయడం: ఎడమవైపు లేనిది కుడివైపు కూడా ఉండదు. అప్‌డేట్ కొత్తవీ మారినవీ చేరుస్తుంది కానీ ఏదీ తీసేయదు. రెండువైపుల మార్పులనూ అటూ ఇటూ చేర్చే టూ వేతో ఫొటోల బ్యాకప్‌కు పని లేదు. నేను మిరర్‌ను ఎంచుకున్నాను, ఎందుకంటే పనికిరాని ఫొటోలను ఏరి తీసేశాక అవి బ్యాకప్‌లో మిగిలిపోవడం నాకు చిరాకు. ఆ చిరాకుకు మూల్యం 2021లో చెల్లించాను.

ఆ జనవరిలో ఒక రాత్రి పాత ఫోల్డర్లు సర్దుతూ, వట్టి నకళ్ళు అనుకుని ఒక ఫోల్డర్‌ను షిఫ్ట్ నొక్కి మరీ శాశ్వతంగా తీసేశాను. అది నకలు కాదు, మా నాన్నగారి నెగెటివ్‌ల స్కాన్లు, 2,314 ఫైళ్ళు. ఆదివారం నాడు ఫ్రీఫైల్‌సింక్ తన పని తాను సక్రమంగా చేసింది. మొదలుపెట్టే ముందు చేర్చవలసినవి ఎన్ని, మార్చవలసినవి ఎన్ని, తొలగించవలసినవి ఎన్ని అని లెక్క చూపించింది. తొలగింపుల పక్కన నాలుగంకెల సంఖ్య కనబడుతూనే ఉంది. కాఫీ కప్పు చేతిలో పట్టుకుని, చూడకుండానే సరే నొక్కేశాను. తీసేసిన ఫైళ్ళను ఏం చేయాలన్న దగ్గర కూడా, డిస్కులో చోటు కలిసొస్తుందని ‘శాశ్వతంగా’ అన్నదాన్ని ఎప్పుడో ఎంచుకుని ఉన్నాను. మార్చిలో మా పెదనాన్నగారి ఫొటో ఒకటి కావలసి వచ్చి వెతికితే కంప్యూటర్లో లేదు, ‘కృష్ణ’లోనూ లేదు. గోదావరిని చివరిసారి తాజా చేసింది డిసెంబరులో. ఇంకో రెండు మూడు వారాలు పోయి ఉంటే, దాన్ని కూడా తెచ్చి, నా చేత్తో నేనే ఆ ఫైళ్ళను చెరిపేసి ఉండేవాడిని.

అప్పటిదాకా గుంటూరు డిస్కు మూడు నెలలు వెనకబడి ఉండటాన్ని ఒక లోపంగానే అనుకునేవాడిని, నెలకోసారి తేలేకపోతున్నానే అని బాధపడేవాడిని కూడా. కానీ రెండు ప్రతులూ ఎప్పుడూ ఒకదాని వెంట ఒకటి పరిగెత్తుతుంటే, నా తప్పు కూడా అంతే వేగంగా రెండింటికీ చేరుతుంది. డిస్కు చెడిపోవడం నుంచి కాపాడేది తాజా ప్రతి. నా చేతి నుంచి కాపాడేది వెనకబడిన ప్రతి. తగిలించి ఉన్న డిస్కులకు కూడా తాళం వేసేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ విషయంలోనూ ఇంతే. అప్పటి నుంచి గోదావరిని కావాలనే మూడు నెలల లోపు ముట్టుకోను. కృష్ణలో మాత్రం తొలగింపులను ‘వెర్షనింగ్’కు మార్చాను. తీసేసినవి తేదీ, సమయంతో వేరే ఫోల్డర్లోకి వెళతాయి, 180 రోజుల తర్వాతే పోతాయి. కొత్తగా ఈ ప్రోగ్రాము మొదలుపెట్టేవారు మిగతావన్నీ తర్వాత చూసుకున్నా, ఈ ఒక్క అమరికను మొదటి రోజే మార్చుకోవాలి.

ఫైల్ సిస్టమ్, అంటే డిస్కులో ఫైళ్ళను అమర్చే పద్ధతి, దాని సంగతి క్లుప్తంగా చెబుతాను. మా మేనల్లుడికి మ్యాక్ ఉందని మొదట్లో డిస్కులను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేశాను. దానికి విండోస్ సొంత పద్ధతి అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌లాగా జర్నల్ (చేయబోయే మార్పులను ముందే రాసుకునే చిట్టా) ఉండదు కాబట్టి, రాస్తుండగా కరెంటు పోయిన ఒక వేసవి మధ్యాహ్నం ఫోల్డర్ల పట్టికే చెదిరిపోయింది. విండోస్ మాత్రమే వాడేవారికి ఎన్‌టీఎఫ్‌ఎస్ చాలు. మ్యాక్ దాన్ని చదువుతుంది, మామూలుగా అయితే రాయలేదు. బ్యాకప్‌కు ఆ ఇబ్బంది ఇబ్బందే కాదు.

వేగం మీద పెద్ద ఆశలు వద్దు. చేతిలో ఇమిడే రెండున్నర అంగుళాల డిస్కులలో చాలావాటిలో, పెంకుటింటి కప్పు మీద ఒక పెంకు అంచు పైన ఇంకో పెంకు వేసినట్టు, డేటా రాసే దారులను ఒకదాని మీద ఒకటి కప్పుతూ రాస్తారు. చోటు కలిసొస్తుంది కానీ, ఒక దారిని తిరిగి రాయాలంటే పక్కవాటిని కూడా తిరగరాయాలి. అందుకే పెద్ద కాపీ మొదట్లో సెకనుకు 110, 120 ఎంబీతో హుషారుగా మొదలై, కొన్ని గంటల తర్వాత ముప్పైకి, ఇరవైకి పడిపోతుంది. డిస్కు చెడిపోయిందేమోనని నేను మొదటిసారి కేబుల్ పీకేశాను కూడా. అలా చేయకూడదు, దాని మానాన దాన్ని వదిలేయాలి. వారానికి రెండు మూడు వందల ఫొటోలు చేర్చే మామూలు బ్యాకప్‌లో ఈ తేడా అసలు తెలియదు; లక్ష ఫైళ్ళను పోల్చి చూడటం రెండు నిమిషాల పని, కాపీ ఇంకో మూడు నాలుగు నిమిషాలు.

ఆ రెండు నిమిషాలలో జరిగేది తేదీనీ సైజునూ పోల్చడం మాత్రమేనని గుర్తుంచుకోవాలి. ఫైలు లోపల ఏముందో అది చదవదు. 2022లో మొదటిసారి ‘ఫైల్ కంటెంట్’ పద్ధతిలో, అంటే రెండువైపుల ఫైళ్ళనూ అక్షరం అక్షరం చదివి పోల్చే పద్ధతిలో, ఒక రాత్రంతా నడిపాను. తెల్లారి చూస్తే కృష్ణలో మూడు ఫైళ్ళు చదవడానికి వీలుకాలేదని ఉంది. డిస్కు స్థితిని చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాము తెరిస్తే డిస్కు ఆరోగ్యం పసుపు రంగులో ఉంది, సీ5 అన్న వరుసలో, అంటే చదవలేక అనుమానంలో పెట్టిన సెక్టార్ల (డిస్కులోని చిన్న చిన్న భాగాల) వరుసలో, 10 అన్న అంకె ఉంది. (ఆ అంకెలు మామూలుగా పదహారు ఆధారంగా చూపిస్తారు, అక్కడి 10 అంటే మన పదహారు.) వారం వారం ‘అంతా సరిగ్గా ఉంది’ అని చూపించిన డిస్కు అది. దాన్ని పక్కన పెట్టి కొత్తది కొని, అదే ‘కృష్ణ’ పేరు పెట్టాను. ఫైళ్ళకు చెక్‌సమ్‌లు (ఫైలులో ఉన్నదాన్ని బట్టి లెక్కకట్టే గుర్తింపు సంఖ్యలు) రాసిపెట్టుకుని, ఏడాది తర్వాత ఏది చెడిందో తనంతట తాను చెప్పగల ఏర్పాటు ఫ్రీఫైల్‌సింక్‌లో లేదు. నాకు దాని మీద ఉన్న ప్రధానమైన ఫిర్యాదు ఇదే. ఏడాదికోసారి రాత్రంతా పోల్చుకోవడమే దీనికి నేను కనుక్కున్న దారి.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బ్యాకప్ చేసే రోజే. బుడమేరు నీళ్ళు తెల్లవారకముందే వీధిలోకి వచ్చాయి, మాది కింది వాటా. అమ్మను పై అంతస్తు వాళ్ళింటికి చేర్చి, కాగితాల సంచీ, మందులు, కెమెరా పట్టుకుని ఎక్కేసరికి కింద మోకాలు దాటింది. కంప్యూటర్ డబ్బా బల్ల కింద నేల మీద ఉంది. కృష్ణ అలమర కింది అరలో ఉంది. రెండూ గుర్తొచ్చేసరికి కిందికి దిగే పరిస్థితి లేదు. డిస్కులకు నదుల పేర్లు పెట్టుకున్నవాడిని చివరికి ఒక వాగు ముంచింది.

నీళ్ళు తీశాక ఇల్లు చూస్తే గోడ మీద బురద గీత నా ఛాతీ దాకా ఉంది. తడిసిన డిస్కులకు కరెంటు ఇవ్వకూడదని మాత్రం తెలుసు. లోపలికి గాలి పోయే చిన్న రంధ్రం గుండా బురదనీరు పోయి ఉంటే, తిప్పిన మరుక్షణమే పలకలు గీసుకుపోతాయి. డేటా రికవరీకి అడిగిన మొత్తం విన్నాక, నిజంగా పోయినవి ఏమిటో లెక్క వేసుకున్నాను. గోదావరిని జులై మొదటి వారంలో తాజా చేశాను. పోయినవి రెండు నెలల ఫొటోలే. పక్షుల కాలం కాదు కాబట్టి వాటిలో విలువైనవి మా మేనకోడలి ఓణీల ఫంక్షన్ ఫొటోలు. అవి చుట్టాల వాట్సాప్‌లలో నాసిరకంగానైనా మిగిలాయి. రికవరీ మానుకున్నాను.

ఆ తర్వాత చేసిన పనుల్లో సరైనది ఒకటి ఉంది. నా ఫొటోలన్నింటికీ అప్పుడు గోదావరి ఒక్కటే ప్రతి. దాన్ని బస్సులో విజయవాడకు తీసుకురాలేదు. కొత్త డిస్కు, మిత్రుడి ల్యాప్‌టాప్ పట్టుకుని నేనే గుంటూరు వెళ్ళి, అక్కయ్య వాళ్ళ భోజనాల బల్ల మీద కాపీ పెట్టాను. మిరర్ కాదు, అప్‌డేట్ పద్ధతిలో, ఎడమ కుడి రెండుసార్లు చూసుకుని మరీ. పొద్దున పదింటికి మొదలుపెడితే తెల్లవారుజామున మూడింటికి పూర్తయింది. మర్నాడంతా కంటెంట్ పోల్చడానికి పట్టింది. తేడా సున్నా అని కనబడ్డాక పాతదాన్ని చీరల కింద పెట్టి, కొత్తదానితో ఇంటికి వచ్చాను.

మొత్తం క్లౌడ్‌లో పెట్టవచ్చు కదా అని అడిగేవారున్నారు. మా ఇంటి అప్‌లోడ్ వేగం 40 ఎంబీపీఎస్. అది ఒక్క క్షణం ఆగకుండా నడిచినా 3.1 టీబీకి వారం దాటుతుంది, పైగా నెల నెలా అద్దె. స్కాన్లు, ఎంచిన రెండు వందల ఫొటోలు మాత్రం అక్కడ కూడా పెట్టాను.

ఇప్పుడు కంప్యూటర్ బల్ల మీద ఉంది. కృష్ణ అటక మీద, సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాలో ఉంది. రెండు డిస్కుల మీదా తెల్ల కాగితం ముక్క అంటించి, తాజా చేసిన తేదీ, కంటెంట్ పోల్చిన తేదీ పెన్నుతో రాస్తున్నాను. బ్యాకప్ ఆదివారం నుంచి శనివారానికి మారింది, తొలగింపుల పక్కన యాభైకి మించి కనబడితే జాబితా మొత్తం చదివాకే సరే నొక్కుతున్నాను. కిందటి శనివారం అరవై రెండు వచ్చాయి. చదివితే అన్నీ నేను ఏరి తీసేసినవే, ఆటపాకలో మంచు ముసిరిన ఒక ఉదయం తీసిన ఫోకస్ లేని గూడబాతులు.