తెల్ల సీసాలో పాత షాంపేన్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

మాకు 2000 ఆగస్టులో గుంటూరులో పెళ్ళయింది. పాతికేళ్ళ పెళ్ళిరోజుకి ఆ ఏడాది పంటతో చేసిన షాంపేనే తాగాలని మా ఆయన ఎప్పటినుంచో అంటుండేవారు. మేముండే ఇంగ్లండ్‌లోనే ఒక ఆన్‌లైన్ వ్యాపారి దగ్గర లూయీ రోడరర్ అనే ఫ్రెంచ్ షాంపేన్ కంపెనీ వాళ్ళ క్రిస్టల్ 2000 కనబడింది. 290 పౌండ్లు, మిగతా చోట్ల కంటే 60 తక్కువ. 2024 డిసెంబర్‌లో కొని, పెళ్ళిరోజు దాకా చీకటి అలమరలో దాచాను. తెరిచాక ఇద్దరం ఒక్క గ్లాసు కూడా పూర్తిగా తాగలేకపోయాం.

బిరడా పెద్ద చప్పుడు లేకుండా ఊడివచ్చింది. అన్నేళ్ళ సీసాకి అది మామూలే, లోపలి గ్యాస్ కొంత తగ్గి ఉంటుంది. రంగు లేత తేనెలా ఉంది, బుడగలు సన్నగా పైకి లేస్తున్నాయి. చూడ్డానికి ఏ లోపమూ లేదు. గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకోగానే మాత్రం, క్యాబేజీ ఉడికించిన కుక్కర్ మూత మర్నాడు తీసినట్టు గుప్పుమంది. దాని వెనకే తడిసిన గొంగళి వాసన. కాసేపు ఆగితే పోతుందేమోనని గ్లాసులు మార్చాం, అరగంట చూశాం. పోలేదు. మా ఆయన ఏమీ అనలేదు గానీ, ఆయన మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఇది పాతబడటం వల్ల వచ్చింది కాదు. మంచి షాంపేన్ పాతబడితే కాల్చిన బ్రెడ్డు, తేనె, బాదం, ఒక్కోసారి పుట్టగొడుగుల వాసన వస్తుంది. క్యాబేజీ, తడి ఉన్ని వాసన వచ్చిందంటే వెలుతురు దెబ్బ తగిలినట్టు. ఎండలోనూ ట్యూబ్‌లైట్లలోనూ ఉండే నీలి, అతినీలలోహిత కిరణాలు వైన్‌లో సహజంగా ఉండే రైబోఫ్లేవిన్‌ని (బి2 విటమిన్) తాకితే, అది మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టి గంధకపు సమ్మేళనాలు పుట్టిస్తుంది. తెల్ల సీసా, అంటే రంగులేని గాజుది అయితే ఇందుకు కొన్ని గంటల వెలుతురు చాలు. ముదురు రంగు సీసాల్లో ఈ ప్రమాదం బాగా తక్కువ.

క్రిస్టల్‌కి ఆ తెల్ల సీసా 1876లో వచ్చింది. రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ కోసం ప్రత్యేకంగా చేయించారు. అడుగున లోతు లేకుండా చదునుగా ఉండటానికి కారణం, అక్కడ బాంబు దాచే వీలు ఉండకూడదనే అని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సీసా బలహీనత రోడరర్ వాళ్ళకి బాగా తెలుసు. అందుకే పసుపు, నారింజ కలిసిన రంగు సెల్లోఫేన్ చుట్టి మరీ పంపుతారు. అందంకోసం చుట్టిన కాగితం కాదది, కిరణాలని అడ్డుకునే తొడుగు.

నా సీసాకి ఆ తొడుగు లేదు. వ్యాపారి పంపిన ఫోటో మళ్ళీ తీసి చూశాను. అద్దాల బీరువాలో సీసా నిలబెట్టి ఉంది, వెనకనుంచి లైటు పడుతోంది, లోపలి వైన్ బంగారంలా మెరుస్తోంది. కొనేటప్పుడు ఆ మెరుపు చూసే మురిసిపోయాను. అక్కడ ఎన్ని నెలలు అలా నిలబడి ఉందో!

ఫిర్యాదు చేస్తే, మీరే సరిగ్గా దాచి ఉండరన్నాడు. ఇక్కడి 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, వ్యాపారి దగ్గర కొన్న సరుకులో లోపముంటే 30 రోజుల్లోపు వెనక్కిచ్చి డబ్బు అడగొచ్చు. ఆరు నెలల్లోపు బయటపడిన లోపం మొదట్లో లేదని నిరూపించుకోవాల్సింది అమ్మినవాడు. ఆ తర్వాత నిరూపణ భారం మనది. నేను తెరిచింది ఎనిమిదో నెలలో. పైగా కొంచెం తగ్గిస్తానంటే ఆశపడి బ్యాంక్ బదిలీ చేశాను. క్రెడిట్ కార్డు వాడి ఉంటే, 100 పౌండ్లు దాటిన కొనుగోలు కాబట్టి 1974 వినియోగదారుల రుణ చట్టం సెక్షన్ 75 కింద కార్డు కంపెనీని కూడా అడగగలిగేదాన్ని.

కాబట్టి క్రిస్టల్ అనే కాదు, రుయినార్ బ్లాన్ ద బ్లాన్ లాంటి తెల్ల సీసా ఏది కొన్నా, మొదటినుంచీ ఎక్కడ ఉంచారో రాతపూర్వకంగా చెప్పమనండి. సెల్లోఫేన్ ఎప్పుడు తీశారు, డబ్బా ఉందా అని అడగండి. జవాబు నానిస్తే వదిలేయండి. ఎయిర్‌పోర్టు దుకాణాల్లో ఇంటికి తీసుకెళ్ళడానికి కొనేవాళ్ళు కూడా, లైట్ల కింద అరలో ఉన్న సీసా కాకుండా మూసిన డబ్బాలోది ఇమ్మనండి. రెండు సీసాలు కొంటుంటే ఒకటి నెలలోపే తెరిచి చూడండి.

వ్యవహారం ఇంకా తేలలేదు కాబట్టి ఆ వ్యాపారి పేరు రాయడం లేదు. నిన్న రాత్రి చూశాను, అదే ఏడాది సీసాలు ఇంకా మూడు అమ్మకానికి ఉన్నాయి. అదే బీరువా, అదే లైటు.