పని మారిన భవనాలు: కాచిగూడ నుంచి ఫలక్‌నుమా దాకా

హైదరాబాద్‌లో పాత కట్టడాలు చూడాలనుకునేవాళ్ళు దాదాపు అందరూ చార్మినార్‌తో మొదలుపెడతారు. నన్నడిగితే కాచిగూడ స్టేషన్‌తో మొదలుపెట్టమంటాను. కడప వైపు నుంచి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే మాకు అదెలాగూ తప్పదనుకోండి. కాకపోతే దిగీ దిగగానే ఆటోవాళ్ళు చుట్టుముడతారు, ఆ హడావుడిలో ఎవరూ భవనం వైపు తలెత్తి చూడరు. సామాన్లు పట్టుకునే రోడ్డు దాకా నడిచి, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. గుమ్మటాలు, మినార్లు కనబడతాయి. 1916లో నిజాం రైల్వే కాలంలో కట్టిన స్టేషన్ అది. ఏ పని కోసం కట్టారో, నూరేళ్ళు దాటినా ఆ పనే చేస్తోంది. సికింద్రాబాద్ స్టేషన్‌కి ఆ అదృష్టం దక్కలేదు. కోట బురుజుల్లాంటి దాని ముఖద్వారాన్ని కొత్త స్టేషన్ కోసం 2025లో పడగొట్టేశారు.

ఈసారి పెద్దమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. డెబ్బైల్లో కోఠీ విమెన్స్ కాలేజీలో చదువుకుంది. పెళ్ళయ్యాక మళ్ళీ ఆ గేటు దాటలేదు. "నా కాలేజీ బాగుచేశారంట కదరా, చూపించు" అని ఏడాదిగా అడుగుతోంది. కోఠీ చూడటమే అసలు పని. మిగతావి దాని చుట్టూ కలుపుకున్నాం.

ముందు బస గురించి చెప్పేస్తాను. పాత నగరం చూడటానికి వచ్చి హైటెక్ సిటీలో గది తీసుకునేవాళ్ళను చూస్తే జాలేస్తుంది, సగం రోజు ట్రాఫిక్‌లోనే పోతుంది. ఆబిడ్స్, నాంపల్లి, కాచిగూడల్లో ఎక్కడ దిగినా అన్నీ దగ్గరే. మేం ఆబిడ్స్‌లో ఒక పాత లాడ్జీలో దిగాం. యాప్‌లో ఫోటో చూసి బుక్ చేశాం. ఆ ఫోటోలోని గది మాకిచ్చిన గది కాదని వెళ్ళాక తెలిసింది. వేడినీళ్ళు ఎనిమిది దాటితే రావు. లిఫ్ట్ పనిచేయడం లేదని చెప్పినవాళ్ళు లేరు, మోకాళ్ళ నొప్పుల పెద్దమ్మను రెండో అంతస్తు ఎక్కించాల్సి వచ్చింది. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి: ఎత్తైన పైకప్పు, మందపాటి గోడలు, కిటికీలకు చెక్క తలుపులు, ఏప్రిల్ ఎండలో కూడా గది చల్లగా ఉంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఫోటోలు నమ్మకుండా ఫోన్ చేసి లిఫ్ట్ సంగతి అడగండి, కింది అంతస్తు గది కావాలని గట్టిగా చెప్పండి.

ఇక కోఠీ రెసిడెన్సీ, అంటే పెద్దమ్మ కాలేజీ ఉన్న భవనం. నిజాం దర్బారులో బ్రిటిష్ రెసిడెంటుగా, అంటే ఈస్ట్ ఇండియా కంపెనీ ప్రతినిధిగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో దీని పని మొదలుపెట్టాడు. నమూనా గీసింది శామ్యూల్ రస్సెల్ అనే సైనిక ఇంజనీరు. దీని మీద ఒక కథ చెబుతారు. భవనం నక్షాను పెద్ద కాగితం మీద తీసుకెళ్ళి చూపిస్తే, ఇంత స్థలం ఇవ్వనని నిజాం అన్నాడట. అదే నక్షాను చిన్న కార్డు మీద గీసి పట్టుకెళితే వెంటనే ఒప్పుకున్నాడట. నిజమో కాదో గానీ, మెట్ల కింద నిలబడి ఆ స్తంభాల వైపు చూస్తే, అవతలివాణ్ణి మెప్పించి స్థలం రాబట్టిన మనిషి కట్టించినట్టే ఉంటుంది. మెట్లకు అటూ ఇటూ రెండు సింహాలు, పైన లండన్ నుంచి ఎత్తుకొచ్చి పెట్టారా అనిపించే ముఖద్వారం. లోపల దర్బారు హాలు, రెండు వైపులుగా విడిపోయి వంపు తిరిగే మెట్లు, కాగితపు గుజ్జుతో చేసి రంగులద్దిన పైకప్పు.

ఈ మెట్ల మీద నడిచినవాళ్ళ జాబితా చిత్రంగా ఉంటుంది. హైదరాబాద్ ప్రముఖ కుటుంబానికి చెందిన ఖైరున్నీసాను పెళ్ళాడిన కిర్క్‌పాట్రిక్ భవనం పూర్తిగా అనుభవించకుండానే 1805లో కలకత్తాలో చనిపోయాడు. 1857 జూలైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో ఇదే రెసిడెన్సీ మీద దాడి జరిగింది. తొంభై ఏళ్ళ తర్వాత తెల్లవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. 1949లో మహిళా కళాశాల వచ్చి చేరింది. నిజాం మీద ఓ కన్నేసి ఉంచడానికి కట్టిన ఇంట్లో కడప, నల్గొండ, పాలమూరు ఆడపిల్లలు కూర్చుని కెమిస్ట్రీ చదువుకున్నారన్నమాట. నాకు ఈ భవనం చరిత్రలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. దురదృష్టం ఏమిటంటే, అక్కడ పెట్టే సమాచారమంతా కిర్క్‌పాట్రిక్ ప్రేమకథ చుట్టూ తిరుగుతుంది. డెబ్బై ఏళ్ళ పాటు ఇక్కడ చదువుకుంటూ వచ్చిన అమ్మాయిల సంగతి చెప్పాలంటే పెద్దమ్మ లాంటివాళ్ళు పక్కనుండాలి.

"ఈ హాల్లోనే పరీక్షలు రాసినాం. పైనుంచి పావురాలు రెట్టలేస్తే పేపరు మార్చుకునేవాళ్ళం" అని ఆమె చెబుతుంటే, పక్కన నిలబడ్డ కాలేజీ కుర్రాళ్ళు కూడా మా వెనకే నడవడం మొదలుపెట్టారు. తర్వాత రోజుల్లో పెచ్చులూడి, పైకప్పు కారి, హాలు మూతపడింది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. బాగుచేసి మళ్ళీ తెరిచేసరికి 2023 వచ్చింది. ఇప్పుడు ఈ ఆవరణ చాకలి ఐలమ్మ పేరున్న మహిళా విశ్వవిద్యాలయానిది. తరగతులు జరిగే చోటు కాబట్టి, సందర్శకులను అనుమతించే రోజులూ వేళలూ ముందే కనుక్కుని వెళ్ళండి. వెనకవైపు రెసిడెన్సీకి అచ్చంగా బొమ్మలాంటి చిన్న నమూనా ఒకటుంది, అది చూడకుండా రావద్దు. పరదాలో ఉండే ఖైరున్నీసా ముందు వైపుకు వచ్చి భవనాన్ని చూడలేదు కాబట్టి, ఆమె కోసం కట్టించాడని చెబుతారు.

కోఠీ నుంచి మొజంజాహీ మార్కెట్ నడిచే దూరమే, కానీ ఎండలో వద్దు. ఏడో నిజాం తన రెండో కొడుకు పేరు మీద 1935లో కట్టించిన రాతి మార్కెట్ అది, నడుమ గడియారపు బురుజు. ఒకప్పుడు ఊరంతటికీ పండ్లు ఇక్కడినుంచే వెళ్ళేవి. పండ్ల మార్కెట్ గడ్డి అన్నారం పోయింది, అక్కడినుంచి బాటసింగారం పోయింది. పండ్లు పోయినా పండ్ల ఐస్‌క్రీమ్ మిగిలింది. మామిడి, సపోటా, కాలం వస్తే సీతాఫలం. 2018కి ముందు ఇదే చోట ప్లాస్టిక్ పట్టాలు, వైర్లు, రేకులు తప్ప రాయి కనబడేది కాదు. రెండేళ్ళు పనిచేసి 2020 ఆగస్టులో తిరిగి తెరిచారు. నేను చూసిన మరమ్మతుల్లో దీనికే మొదటి మార్కు వేస్తాను, ఎందుకంటే దుకాణాల వాళ్ళను బయటికి పంపకుండా బాగుచేశారు. అత్తరు కొట్లు అలాగే ఉన్నాయి, ఐస్‌క్రీమ్ వాళ్ళు అలాగే ఉన్నారు. సాయంత్రం ఏడు తర్వాత కుటుంబాలతో నిండిపోతుంది. కారులో మాత్రం వెళ్ళకండి, పార్కింగ్ దొరకదు. గాంధీభవన్ మెట్రో స్టేషన్‌లో దిగి నడవండి. ఎదురుగా 1953 నుంచి ఉన్న కరాచీ బేకరీలో బిస్కెట్లు కొనుక్కుని తిరుగు ప్రయాణానికి దాచుకోవచ్చు. దాచుకోగలిగితే.

ఇక్కడిదాకా చూసి, నాకొక అభిప్రాయం గట్టిపడింది: భవనానికి రోజూ చేసే పనుంటే అది బతుకుతుంది. అఫ్జల్‌గంజ్ వెళ్ళేసరికి ఆ అభిప్రాయానికి దెబ్బ తగిలింది.

ఉస్మానియా ఆసుపత్రికి రోజూ పనే. పని తప్ప ఇంకోటి లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించడం, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టడం, నది ఒడ్డును తీర్చిదిద్దడం. ఆ ఊపులోనే విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి గీసిన నమూనాతో ఈ ఆసుపత్రి 1925కి పూర్తయింది. వరదలో నూటయాభై మంది దాకా ఎక్కి ప్రాణాలు కాపాడుకున్న చింతచెట్టు ఆవరణలో ఇప్పటికీ ఉంది. అంత చరిత్ర ఉన్న భవనం గ్రౌండ్ ఫ్లోర్ వార్డుల్లోకి 2020 జూలై వానలకు మురుగునీళ్ళు వచ్చాయి. రోగులను వేరే బ్లాకులకు మార్చి పాత భవనానికి తాళం వేశారు. అంతకు ఐదేళ్ళ ముందే కూల్చేద్దామన్న ప్రతిపాదన వచ్చి, జనం అడ్డుపడితే ఆగింది. కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. వాడుక ఒక్కటే కాపాడదు, వాడుతూ మరమ్మతు చేయకపోతే వాడుకే భవనాన్ని తినేస్తుంది. ఇది చూసే స్థలంగా ఎవరికీ సిఫారసు చేయను. రోగుల బంధువులు చెట్ల కింద అన్నం తింటున్న చోట ఫోటోలు తీయడం నాకు నచ్చలేదు. నయాపూల్ మీదినుంచి గుమ్మటాలు చూస్తే చాలు.

సాలార్‌జంగ్ మ్యూజియం గురించి అందరికీ తెలుసు, ఎక్కువ చెప్పను. ఒక్క సంగతి: ఆ వస్తువులు 1951లో మొదట ప్రదర్శించింది సాలార్‌జంగ్‌ల నివాసం దివాన్ దేవ్‌డీలో. 1968లో మ్యూజియం ఇప్పుడున్న భవనానికి మారింది. వస్తువులు భద్రంగా ఉన్నాయి, వాటిని పోగేసిన ఇల్లు లేదు. దివాన్ దేవ్‌డీ అంటే ఇప్పుడు బట్టల హోల్‌సేల్ బజారు.

చౌమహల్లా ప్యాలెస్ విషయంలో నేను కాస్త అనుమానంతోనే వెళ్ళాను. టికెట్ పెట్టి తుడిచి మెరిపించిన కోటల్లో నాకు నిద్రొస్తుంది. ఇక్కడ రాలేదు. 1750లో మొదలై నూరేళ్ళకు పైగా సాగిన కట్టడం, నిజాములు గద్దెనెక్కిన చోటు. నలభై ఐదు ఎకరాల్లో చాలా భాగం చేతులు మారిపోగా మిగిలినదాన్ని ఏడో నిజాం మనవడు ముకర్రంజా మాజీ భార్య, యువరాణి ఎస్రా దగ్గరుండి బాగుచేయించారు. 2005లో జనానికి తెరిచారు, 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. ఖిల్వత్ హాల్లో బెల్జియం షాండిలియర్ల కింద అందరూ సెల్ఫీలు దిగుతుంటారు. 2023 జనవరిలో ముకర్రంజా ఇస్తాంబుల్‌లో చనిపోతే, భౌతికకాయాన్ని ఇక్కడే ఉంచారు, పాతబస్తీ జనం వరసగా వచ్చి చూసి వెళ్ళారు. ఒక్క రోజుకు ఆ హాలు మళ్ళీ పాత పనిలో పడిందన్నమాట. సేవల పరంగా మేం తిరిగినవాటిలో ఇదే మేలు: కూర్చోవడానికి చోటు, తాగడానికి నీళ్ళు, విసుక్కోకుండా జవాబిచ్చే సిబ్బంది. శుక్రవారం సెలవు. సాలార్‌జంగ్ కూడా శుక్రవారమే మూస్తారు, కాబట్టి ఆ రోజు పాతబస్తీ ప్లాన్ పెట్టుకోవద్దు.

ఫలక్‌నుమా ప్యాలెస్ దగ్గర పెద్దమ్మకూ నాకూ మాట పడలేదు. పైగా అనే ప్రభువుల వంశానికి చెందిన నవాబు వికారుల్ ఉమ్రా దాన్ని 1884లో మొదలుపెట్టి 1893లో పూర్తిచేసి, అప్పుల పాలయ్యాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు నచ్చడంతో అది నిజాంల చేతికి వచ్చింది. ఆయన 1911లో కన్నుమూసింది కూడా అక్కడే. తర్వాత చాలా కాలం తాళం పడి ఉంది. పదేళ్ళ మరమ్మతుల తర్వాత 2010లో తాజ్ హోటల్‌గా తెరుచుకుంది. నూటొక్క మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఇక్కడిదే. గది తీసుకునే స్తోమత మాకు లేదు, మనలో చాలామందికి ఉండదు. టీతో కలిపి చూపించే టూరు తీసుకున్నాం. మర్యాద గొప్పగా ఉంది, ఎక్కడా వంక పెట్టలేం. నాకైతే అడుగడుగునా ఎవరో నన్ను మర్యాదగా గమనిస్తున్నట్టు అనిపించింది, ఇచ్చిన డబ్బుకు చూసింది తక్కువనిపించింది. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "తాళమేసి చెదలకు వదిలేసేదానికన్నా టీ అమ్ముకోవడం మేలు గదరా. ఉస్మానియా చూసినావు గదా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అయినా డబ్బులు లెక్కపెట్టుకుని తిరిగేవాళ్ళకు నా సలహా మారదు: ఆ మొత్తంతో కోఠీ, చౌమహల్లా, కుతుబ్‌షాహీ సమాధులు మూడూ చూసి, మిగిలినదాంతో భోజనం చేయొచ్చు.

చార్మినార్ చివర్లో వెళ్ళాం, పొద్దున్నే. 1591 నాటి కట్టడానికి 1889లో గడియారాలు తగిలించారు. ఈ రోజు అలాంటి పని చేస్తే ఊరుకుంటామా? ఇప్పుడు గడియారం లేని చార్మినార్‌ను ఊహించలేం. ఆదివారం మాత్రం వెళ్ళొద్దు, ఊపిరాడదు. ఈ వైపు మెట్రో ఇంకా రాలేదు, ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) మెట్రో స్టేషన్‌లో దిగి ఆటో పట్టుకోవాలి. పాతబస్తీ మెట్రో కోసం దారి పొడవునా కూల్చివేతలు 2025లో మొదలయ్యాయి. ఆ వీధుల పాత ముఖాలు చూడాలనుకుంటే ఆలస్యం చేయకండి.

హైకోర్టు సంగతి కూడా అంతే. మూసీ ఒడ్డున 1920లో ప్రారంభమైన ఆ ఎర్రటి భవనానికే 2019 దాకా మా కడప జిల్లా కేసులన్నీ వచ్చేవి. పొలం తగాదా మీద పెదనాన్న ఎన్నిసార్లు తిరిగాడో పెద్దమ్మకే తెలుసు. 2009లో అగ్నిప్రమాదం జరిగినా బాగుచేసుకుని అక్కడే నడుస్తోంది. కొత్త హైకోర్టుకు రాజేంద్రనగర్‌లో 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు. నల్లకోట్లు గేట్ల దగ్గర హడావుడిగా తిరుగుతుండగా ఆ భవనాన్ని చూడాలంటే పనిరోజున, పదిన్నర ప్రాంతంలో నయాపూల్ దగ్గర దిగండి.