కిటికీలు మార్పిస్తే 30 శాతం వెనక్కి వస్తుందంటే నమ్మకండి

అమెరికాలో ఇంటికి కిటికీలు గానీ, హీట్ పంపు (ఇంటిని వేడిగా, చల్లగా ఉంచే యంత్రం) గానీ మార్పించాలనుకునే వాళ్లు సంతకం పెట్టేముందు ఇది చదవండి.

2025 అక్టోబర్‌లో మా ఇంటికొచ్చిన సేల్స్‌మన్ డైనింగ్ టేబుల్ మీద కాగితం పెట్టి, 12,000 డాలర్ల బిల్లు కింద 3,600 అని రాసి, దాని చుట్టూ ఎర్ర మార్కర్‌తో గీత గీశాడు. ఇది ట్యాక్స్ క్రెడిట్‌గా, అంటే ప్రభుత్వమిచ్చే పన్ను తగ్గింపుగా మీకు వచ్చేస్తుందన్నాడు. ఆ అంకె చూసే నేనూ మా ఆవిడా ఒప్పుకున్నాం.

30 శాతం అన్నది 2025 దాకా నిజమే. కానీ ఎన్ని కిటికీలు మార్చినా ఏడాదికి 600 డాలర్లే పరిమితి ఉండేది. ఆ 30 శాతం కూడా కిటికీల ధర మీదే, బిగించిన కూలి లెక్కలోకి వచ్చేది కాదు. పైగా మామూలు ఎనర్జీ స్టార్ (కరెంటు ఆదా చేసే వస్తువులకిచ్చే గుర్తు) చాలేది కాదు, అంతకంటే కఠినమైన ‘ఎనర్జీ స్టార్ మోస్ట్ ఎఫిషియెంట్’ ప్రమాణానికి తగ్గ కిటికీలే ఉండాల్సి వచ్చేది. హీట్ పంపులకు మాత్రం 2,000 డాలర్ల దాకా ఉండేది. ఏదైనా సరే, మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించడమే. పన్ను అంత లేకపోతే మిగతాది చేతికి రాదు, వచ్చే ఏడాది పన్నులోనూ తగ్గించుకోలేం.

ఇవన్నీ మాకు రిటర్న్ వేసేటప్పుడే తెలిశాయి. అసలు దెబ్బ వేరే. డిసెంబర్‌లో చేస్తామన్న పని జనవరిలో అయింది. 2025 జులైలో వచ్చిన చట్టం ఈ క్రెడిట్‌ను డిసెంబర్ 31తో ఆపేసింది. డబ్బు ముందే మొత్తం కట్టేశాం కదా అంటే కుదరదు, బిగించడం పూర్తయిన తేదీనే చూస్తారు. మాకు ఒక్క డాలర్ కూడా రాలేదు. కంపెనీకి ఫోన్ చేస్తే, బిల్లు మీద డిసెంబర్ తేదీ వేసిస్తామన్నారు! ఆ దొంగ తేదీ కింద రిటర్న్ మీద సంతకం పెట్టేది మేం. వద్దన్నాం.

2026లో బిగించే కిటికీలకు, హీట్ పంపులకు ఈ ఫెడరల్ క్రెడిట్ లేదు. ఇంటి యజమాని సొంతంగా కొనే సోలార్‌కు ఉన్న 30 శాతం కూడా 2025తోనే పోయింది. ఎవరైనా ఇంకా ఆ మాట చెబితే అక్కడే ఆపేయండి. మీ రాష్ట్రం, కరెంటు కంపెనీ ఇచ్చే రిబేటు ఏమైనా ఉందేమో మీరే నేరుగా కనుక్కోండి. 2025లోనే కిటికీలు బిగించుకున్న వాళ్లు ఈ క్రెడిట్ కోసం పన్ను రిటర్న్‌తో పాటు ఫారం 5695 నింపాలి. అందులో తయారీదారు కోడ్ కూడా రాయాలి కాబట్టి బిల్లుతో పాటు అదీ అడిగి తీసుకోండి.

క్రెడిట్ ఇంత వస్తుందని ఎవరైనా చెబితే, ఆ మాట కాంట్రాక్టులోనే రాసివ్వమనండి. మాకు చూపించిన 3,600 మా కాంట్రాక్టులో ఎక్కడా లేదు. ఎర్ర మార్కర్ గీసిన ఆ కాగితాన్ని సేల్స్‌మన్ ఆ రోజే మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.