ఏడు పార్టులు, నాలుగు షాపులు, రెండు వంగిన పిన్నులు

మా బాబాయి కొడుకు హనుమకొండలో పెళ్లి వీడియోలు తీస్తాడు, ఎడిటింగ్ కూడా వాడిదే. పాత లాప్‌టాప్‌లో ఒక సంగీత్ ఫైలు తెరిస్తే అది కదిలేలోపు టీ తాగి రావచ్చు. 2024 దసరాకు ముందు "అన్నా, ముహూర్తాలు మొదలయ్యేలోపు ఒక మంచి సిస్టం నువ్వే చూసి పెట్టు" అని 90 వేలు నా చేతిలో పెట్టాడు. మానిటర్ ఉంది కాబట్టి ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచేది), గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా), క్యాబినెట్, మొత్తం ఏడు కొనాలి. అన్నీ ఒకేచోట కొంటే అయిపోయేది, కానీ రేట్లు చూడటం మొదలుపెట్టాక నాకు నిద్ర పట్టలేదు.

మన దేశంలో పార్టులకు ప్రత్యేకంగా ఉన్న సైట్లలో చాలావాటి వెనక నిజమైన దుకాణం ఒకటి ఉంటుంది. ఎండీ కంప్యూటర్స్, వేదాంత్ కంప్యూటర్స్ కోల్‌కతావి, ప్రైమ్ ఏబీజీబీ ముంబయి లామింగ్టన్ రోడ్‌ది, ఐటీ డిపో చెన్నైది. మనకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) ఎలాగో వాళ్లకు అవి అలాగ. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ సంగతి వేరే, అక్కడ అమ్మేది ఆ కంపెనీ కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే సెల్లర్. ఒకే ర్యామ్‌కు నలుగురు సెల్లర్లు నాలుగు రేట్లు పెడతారు, మనం ఆ పేరు చూడకుండా బటన్ నొక్కేస్తాం. పీసీ ప్రైస్ ట్రాకర్ లాంటి చోట అన్ని షాపుల రేట్లూ ఒకే పేజీలో కనిపిస్తాయి, నేనూ అక్కడే మొదలుపెట్టాను. అయితే అక్కడ చూసిన రేటుకు షిప్పింగ్ కలపాలి, కొన్నిచోట్ల క్రెడిట్ కార్డు ఛార్జీ కూడా కలపాలి. అవి కలిపాక 600 తక్కువ అనుకున్న షాపు 150 ఎక్కువైన సందర్భం నాకే వచ్చింది.

ప్రాసెసర్ దగ్గర ఎక్కువసేపు ఆగాను. వాడి కెమెరా 10 బిట్ 4:2:2 హెచ్.265 అనే బరువైన వీడియో ఫార్మాట్‌లో రికార్డ్ చేస్తుంది, ఆ ఫైళ్లను కొత్త తరాల ఇంటెల్ ప్రాసెసర్లలో వీడియో కోసమే ఉండే క్విక్ సింక్ అనే భాగం తేలిగ్గా ఆడిస్తుంది. అందుకని ఐ5 13500 అనుకున్నాం. పేరు చివర 'ఎఫ్' ఉండే మోడళ్లు తక్కువకు దొరుకుతాయి కానీ వాటిలో ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ ఉండదు, అది లేకపోతే క్విక్ సింక్ కూడా ఉండదు. గేములాడే పిల్లల లిస్టు చూసి ఎడిటింగ్ సిస్టం కట్టేవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. ఇంకొకటి ట్రే ప్రాసెసర్. డబ్బా లేకుండా వస్తుంది, వెయ్యి, రెండు వేలు తక్కువ. దానికి ఇంటెల్ నేరుగా వారంటీ ఇవ్వదు, అమ్మినవాడు ఏదైనా ఇస్తే అదే. 13, 14 తరాల్లో కొన్ని ప్రాసెసర్లు పాడవుతున్నాయని తేలాక 2024 ఆగస్టులో ఇంటెల్ వాటికి రెండేళ్ల వారంటీ పెంచింది కదా, అప్పుడు కూడా ట్రేవి కొన్నవాళ్లను మీరు కొన్నచోటే అడగండి అంది. మాది ఆ జాబితాలో లేని మోడలే, అయినా డబ్బాదే తీసుకున్నాను, అమెజాన్‌లో, బ్యాంకు ఆఫర్ కలిసొచ్చింది. ఎస్ఎస్‌డీ కూడా అక్కడే. చిన్నవి, దారిలో విరిగేవి కావు, ఏడు రోజుల్లో తేడా కనిపిస్తే మార్చేస్తారు.

గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్ కోల్‌కతా షాపు నుంచి తెప్పించాను. కార్డు డబ్బా మీద ఇంపోర్టర్ పేరు, అడ్రసు, నెల, ఎంఆర్‌పీ ఉన్న స్టిక్కర్ ఉందో లేదో చూడమని ఎవరు అడిగినా చెబుతాను. అది లేని సరుకు వేరే దారిలో వచ్చి ఉండవచ్చు, అలాంటిదానికి ఇక్కడి సర్వీస్ సెంటర్ చేతులెత్తేసే ప్రమాదం ఉంది. మావాడికి జీఎస్టీ నంబర్ ఉంది, బిల్లు ఆ నంబర్ మీదే తీసుకున్నాం, 23,600 బిల్లు అంటే అందులో 3,600 పన్నే మరి, నంబర్ మీద బిల్లుంటే అది వాడు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. ఆర్డర్ పెట్టేటప్పుడే నంబర్ ఇవ్వాలి, తర్వాత మార్పించుకోవడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

ఇక మదర్‌బోర్డు. ఇక్కడ తప్పు నాదే. మిగతా చోట్లకంటే 900 తక్కువ ఉందని నేనెప్పుడూ కొనని ఒక సైట్‌లో పెట్టాను. పేరెందుకులే, పైన చెప్పినవాటిలో ఏదీ కాదు. నాలుగు రోజుల్లో వచ్చింది, డబ్బా బాగానే ఉంది, సీలు మీద మాత్రం రెండో టేపు వేసినట్టు అనిపించింది. అప్పుడే అనుమానం రావాలి. ఉత్సాహంలో వీడియో తీయకుండా విప్పేశాం. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ మీది నల్ల ప్లాస్టిక్ మూత తీసి చూస్తే 1,700 పిన్నుల మధ్య ఒక మూల రెండు పడుకుని ఉన్నాయి. ఫోటోలు పెట్టి మెయిల్ చేస్తే రెండు రోజులకు జవాబొచ్చింది, 'కస్టమర్ డ్యామేజ్' అని. వీడియో ఉందా అన్నారు, లేదన్నాను, అంతే. కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనూ వంగిన పిన్ను వారంటీ కిందికి రాదన్నారు. పన్నెండు రోజులు మెయిళ్లతో కొట్లాడి చివరికి హనుమకొండ చౌరస్తా దగ్గర మొబైల్ రిపేర్ చేసే కుర్రాడికి చూపిస్తే మైక్రోస్కోప్ కింద పెట్టి సూదితో లేపాడు. 500 తీసుకున్నాడు. మిగిలింది 400, ఆ పన్నెండు రోజులూ మావాడు పాత లాప్‌టాప్ ముందు కూర్చుని నన్ను తిట్టుకున్నది లెక్కలో వేయడం లేదు.

అందుకే ఇప్పుడు మదర్‌బోర్డు మాత్రం ఎదురుగా మూత తీసి చూపించే షాపులోనే కొంటాను, సీటీసీలో రేటు కొంచెం ఎక్కువ చెప్పినా సరే. ఆన్‌లైన్‌లోనే తప్పదంటే అడ్రస్ లేబుల్ నుంచి సాకెట్ దాకా ఆపకుండా ఒకే వీడియో.

క్యాబినెట్, ఎస్ఎంపీఎస్ ఎలాగూ సీటీసీలోనే తెచ్చాం, కాజీపేటలో పొద్దున రైలెక్కి సాయంత్రానికి వచ్చేశాం. అద్దం తలుపున్న క్యాబినెట్‌ను కొరియర్‌కు అప్పగించాలంటే నాకు ధైర్యం చాలదు. ఎస్ఎంపీఎస్ మీద 80 ప్లస్ అని రాసి ఉంటే అది కరెంటు ఎంత వృథా చేస్తుందో చెప్పే మార్కు మాత్రమే, లోపల ఎంత గట్టిదో చెప్పదు, కాబట్టి వారంటీ ఎన్నేళ్లో అడిగి ఐదేళ్లున్నది తీసుకున్నాం. పక్కన ఇంకెవరో బిల్లు లేకుండా అయితే ఎంతకిస్తారని బేరమాడుతున్నారు. ఆ తగ్గింపు తీసుకుంటే వారంటీ అడగడానికి చేతిలో కాగితం ఉండదు.

ఇప్పుడు మావాడి ఫ్రెండు ఒకడు ఇలాంటిదే కట్టివ్వమంటున్నాడు. ఆగమన్నాను. ఏఐ డేటా సెంటర్లు మెమరీ అంతా లాగేసుకోవడంతో 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి, మెమరీ చిప్పులు తయారుచేసే మైక్రాన్ అయితే 2025 డిసెంబర్‌లో క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మడమే మానేస్తామని చెప్పింది. అప్పుడు మేం 7 వేలకు కొన్న 32 జీబీ ఇప్పుడు ఆ ధరకు దొరకదు.

మావాడి సిస్టం బాగానే నడుస్తోంది, కిందటి సీజన్ పెళ్లిళ్లన్నీ దాని మీదే తేలాయి. మదర్‌బోర్డును వారంటీకి పంపాల్సి వస్తే సాకెట్ మూత కూడా అడుగుతారు, అందుకే ఆ నల్ల ప్లాస్టిక్ ముక్కను బిల్లుతో కలిపి కవర్లో వేసి మా బీరువాలో పెట్టాను. మూడేళ్లు అయ్యేదాకా అక్కడే ఉంటుంది.