గంటకు దానంతట అదే ఆగిపోయే కర్లర్: మూడేళ్ల వాడకం తర్వాత

2022లో మా ఆడపడుచు పెళ్లికి పది రోజుల ముందు, జుట్టును ఉంగరాలుగా చుట్టే ఈ కర్లర్ కొన్నాను. 25 మిల్లీమీటర్ల గొట్టం, 120 నుంచి 210 డిగ్రీల దాకా వేడి, మీట నొక్కితే వెలిగే చిన్న ఎర్ర దీపం. ధర 2,300 రూపాయలు. దానికంటే ఎనిమిది వందలు తక్కువకు అలాంటిదే మరొకటి దొరికేది. అయినా దీన్నే తీసుకున్నది ఒకే కారణంతో: అరవై నిమిషాలకు దానంతట అదే ఆగిపోతుందని డబ్బా మీద రాసి ఉంది. ఈ మూడేళ్లలో నాకు బాగా తెలిసిందీ ఆ ఒక్క విషయమే కనుక దాని గురించే రాస్తున్నాను.

అంతకు ముందున్న కర్లర్‌కు ఆటో ఆఫ్ లేదు. ఒకసారి తెనాలిలో గృహప్రవేశానికి బయలుదేరాం. కారు దుగ్గిరాల దాటాక ఒక్కసారిగా గుర్తొచ్చింది, కర్లర్ ఆపానా లేదా అని. ఎంత ఆలోచించినా స్విచ్ మీద వేలు పెట్టిన జ్ఞాపకం రాలేదు. మా వారు మారు మాట్లాడకుండా కారు విజయవాడ వైపు తిప్పారు. ఇంటికొచ్చి తలుపు తీయగానే గదంతా కాలిన వాసన. డ్రెస్సింగ్ టేబుల్ మీద కర్లర్ ఇంకా వేడెక్కుతూనే ఉంది. దాని కింద సన్‌మైకా అప్పడంలా పొంగి, అంచులు గోధుమ రంగుకు తిరిగాయి. కిటికీ తెర అక్కడికి జానెడు దూరం. గాలికి ఆ తెర ఒక్కసారి అటు వాలి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. అందుకే ఆ ఎనిమిది వందల గురించి ఒక్కరోజు కూడా బాధపడలేదు.

కొత్తది ఇంటికి తెచ్చిన మొదటి ఆదివారమే పరీక్షించాను. స్టీలు పళ్లెం మీద పెట్టి, 190 డిగ్రీలకు అమర్చి, ఫోనులో సమయం చూస్తూ కూర్చున్నాను. అరవై నిమిషాలు దాటిన కొన్ని సెకన్లకు దీపం ఆరింది. రెండోసారి, నలభయ్యో నిమిషంలో వేడి పెంచే మీట ఒకసారి నొక్కాను. అప్పుడు గంటా నలభై నిమిషాలకు ఆగింది. అంటే లెక్క మొదలయ్యేది ఆన్ చేసినప్పటి నుంచి కాదు, చివరిసారి మీట నొక్కినప్పటి నుంచి. కర్లర్‌తో పాటు ఇచ్చిన కాగితంలో ఈ ముక్క ఎక్కడా లేదు. కొన్ని రకాలు అరగంటకే ఆగిపోతాయి, కొన్ని కదలిక లేకపోతే ఆగుతాయి. కొన్నవాళ్లు మొదటి రోజే చూసుకోవడం మంచిది.

ఇది తెలిసి కూడా పెళ్లి రోజు హడావుడిలో మరిచిపోయి ఇబ్బంది పడ్డాం. మా అమ్మాయి జుట్టు నడుము దాటుతుంది, ఒత్తు కూడా. పాయలుగా విడదీసి చుట్టడానికి గంటంబావు పట్టింది. చివరి ఆరేడు పాయలు ఎంతసేపు చుట్టినా నిలవలేదు. యంత్రం పాడైందనుకున్నాం. తీరా చూస్తే దీపం ఎప్పుడో ఆరిపోయింది, చప్పుడు చేయలేదు. గొట్టం మెల్లగా చల్లారుతోంది, మేము పాయలు చుడుతూనే ఉన్నాం. ఆగేముందు ఒక్క కూత పెట్టే ఏర్పాటు చేస్తే తయారీదారులకు ఖర్చెంత? ఈ లోపం నాకు నచ్చలేదు. ఇప్పుడు సగం తల పూర్తికాగానే వేడి పెంచే మీట ఒకసారి నొక్కుతాను.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆటో ఆఫ్ ఉందన్న ధైర్యంతో నేను చేసిన తప్పు ఒకటుంది. నిరుడు వేసవిలో కింద చాప మీద కూర్చుని జుట్టు చుట్టుకుంటుంటే ఫోను మోగింది. కర్లర్‌ను చాప మీదే పెట్టి లేచాను. ఆన్ చేసి అప్పటికి పది నిమిషాలు కూడా కాలేదు. మాట్లాడి వచ్చేసరికి ప్లాస్టిక్ చాప కరిగి గొట్టానికి అంటుకుపోయింది. పైకెత్తితే దారాలు దారాలుగా సాగింది. ఇళ్లలో వాడే ఈ చాపలు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌వి. అది 160, 170 డిగ్రీల మధ్యే కరుగుతుంది, మనం జుట్టుకు పెట్టేది 190. ఆ మొదటి గంటలో ఏం జరిగినా ఆటో ఆఫ్ మనకు అక్కరకు రాదు. ఆ గంటలో మనిషి పక్కనే ఉండాలి, కర్లర్ దాని స్టాండు మీద, గట్టి నేల మీద ఉండాలి.

రెండోది, దీపం ఆరిందంటే చల్లారిందని కాదు. నా దాన్ని ఆపిన అయిదు నిమిషాలకు నీటి చుక్క వేస్తే చుయ్యిమంది. పావుగంటకు కూడా వేలు ఆనించలేకపోయాను. అరగంట దాటితేనే గోరువెచ్చగా మారింది. ఎర్ర దీపం వెలుగుతుంటే పిల్లలైనా జంకుతారు. అది ఆరిపోయి, గొట్టం మామూలు రంగులో మెరుస్తూ ఉంటే ఎవరికి అనుమానం వస్తుంది? మా చెల్లెలి కొడుక్కి రెండేళ్లు. వాడు దాన్ని పట్టుకోబోయిన క్షణంలో మా అత్తయ్య చెయ్యి లాగేశారు. ఆ రోజు నుంచి చల్లారేదాకా అది ఉండేది బీరువా మీదే, తీగ కిందికి వేలాడకుండా చుట్టి. ఒకవేళ చురుక్కుమంటే వెంటనే కుళాయి నీళ్ల కింద ఇరవై నిమిషాలు పట్టాలి. టూత్‌పేస్ట్, సిరా, పసుపు పూయవద్దు.

మా పిన్ని కొడుకు ఎలక్ట్రానిక్స్ రిపేరు దుకాణం నడుపుతాడు. నా పాత కర్లర్‌ను విప్పించి చూశాను, తర్వాత కొత్తదాని సంగతీ అడిగాను.

"అక్కా, కొత్తదానిలో గంట లెక్కపెట్టేది చిన్న చిప్పు. అది చెబితే కరెంటు ఆపేది ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్. ఆ ట్రయాక్ షార్ట్ అయిందనుకో, చిప్పు ఆపమన్నా కరెంటు వెళ్తూనే ఉంటుంది" అన్నాడు.

"మరి అప్పుడు దిక్కేమిటి?"

"ఇదిగో" అని పాత కర్లర్ పిడిలోంచి తెల్లటి గొట్టం తొడిగిన చిన్న లోహపు ముక్క చూపించాడు. వడ్లగింజ కంటే కాస్త పెద్దది. థర్మల్ ఫ్యూజ్ అట. వేడి హద్దు మీరితే ఒక్కసారి తెగిపోతుంది, మళ్లీ అతుక్కోదు. యంత్రం పనికిరాకుండా పోతుంది కానీ ఇల్లు దక్కుతుంది.

ఆ మాట విన్నాక, ఆటో ఆఫ్ ఉన్నా లేకపోయినా గోడ మీది స్విచ్ ఆపకుండా గది దాటడం లేదు. మన ఇళ్లలో ప్రతి సాకెట్‌కూ పక్కనే స్విచ్ ఉంటుంది. అమెరికాలో ఉండే మా అక్క ఇంట్లో సాకెట్లకు స్విచ్‌లు లేవు, ప్లగ్ పీకడమొక్కటే మార్గం. అన్నట్టు, అక్కడి నుంచి తెచ్చిన కర్లర్‌ను మన సాకెట్‌లో పెట్టే ముందు పిడి మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో చూడాలి. 120 మాత్రమే ఉంటే ఇక్కడి 230 వోల్టుల మీద అది కాలిపోవడం ఖాయం. దాన్ని ఏ ఆటో ఆఫ్ కూడా కాపాడదు.

కొనేముందు అడగమని నాకు ఎవరూ చెప్పని ప్రశ్న ఒకటుంది: కరెంటు పోయి వస్తే ఏమవుతుంది? అమ్మ వాళ్ల ఊళ్లో ఎండాకాలం రోజుకు రెండు మూడుసార్లు పోతుంది. మధ్యలో కరెంటు పోతే మనం కర్లర్ పక్కన పెట్టి వసారాలోకి వెళ్తాం, కబుర్లలో పడతాం. పాత కర్లర్‌కు జరిపే స్విచ్ ఉండేది. అది ఆన్‌లోనే ఉండిపోయేది కనుక కరెంటు రాగానే ఖాళీ గదిలో దానంతట అదే వేడెక్కేది. ఇది నేను కళ్లారా చూశాను. కొత్తదానికి నొక్కే మీట. కరెంటు తిరిగొచ్చినా మళ్లీ నొక్కేదాకా వెలగదు. మూడేళ్లలో ఎన్నిసార్లు అలా ఆగి ఊరుకుందో లెక్కలేదు. ఆ గంట టైమరు కంటే ఈ గుణమే నాకు విలువైనదిగా కనిపిస్తోంది.

పోయిన నెల దాన్ని పక్కన పెట్టేశాను. పిడి చివర తీగ తిరిగే చోట రబ్బరు బీటలు వారింది. లోపలి రాగి తళుక్కుమంది. టైమరు ఇప్పటికీ సరిగ్గానే పనిచేస్తోంది, కానీ తీగ సంగతి టైమరుకు తెలియదు కదా. దుకాణానికి వెళ్లి, గంట ఆటో ఆఫ్ ఉన్నవి రెండు బల్ల మీద పెట్టించాను. రెండూ ఆన్ చేయించి, సాకెట్ స్విచ్ ఆపి మళ్లీ వేయమన్నాను. మొదటిదాని దీపం ఎవరూ ముట్టుకోకుండానే వెలిగింది. రెండోది చీకటిగానే ఉండిపోయింది. దాన్నే కట్టించుకుని వచ్చాను.