హెపటైటిస్ సి, సిర్రోసిస్: మందులకు ముందు ఏ జన్యు పరీక్ష మేలు?

రోగి జన్యువును చూసే ఐఎల్28బి, వైరస్ రకాన్ని తేల్చే జీనోటైప్, మందుకు లొంగని మార్పుల్ని వెతికే రెసిస్టెన్స్ పరీక్ష. మూడూ జన్యు పరీక్షలే, ఉపయోగం మాత్రం ఒకటి కాదు.

ఐఎల్28బి ఇక అక్కర్లేదు. 2009లో దీని ప్రభావం బయటపడ్డప్పుడు ఇంటర్ఫెరాన్, రిబావిరిన్ 48 వారాలు వాడేవారు. ఇంటర్ఫెరాన్ రోగి రోగనిరోధక శక్తి మీదే ఆధారపడేది కనుక 1వ రకం వైరస్ ఉన్నవారిలో ఈ పరీక్షలో సీసీ అనే జన్యు రూపం వస్తే నయమయ్యే అవకాశం టీటీ రూపం కంటే దాదాపు రెండింతలుండేది. ఇప్పటి మాత్రలు వైరస్ ప్రొటీన్లనే అడ్డుకుంటాయి. సీసీ అయినా టీటీ అయినా మందు మారదు.

జీనోటైప్ కూడా సిర్రోసిస్ (కాలేయం మచ్చకట్టి గట్టిపడటం) లేనివారికి చాలావరకు అనవసరం. సోఫోస్బువిర్-వెల్పటాస్విర్ మాత్ర అన్ని రకాల మీదా పనిచేస్తుంది. సిర్రోసిస్ ఉంటే మాత్రం 3వ రకమా కాదా అన్నది తెలియాలి. ఆ రకం మందుకు తొందరగా లొంగదు.

3వ రకమని తేలితే అసలు ప్రశ్న వై93హెచ్ మార్పు ఉందా అన్నదే. ఇది వెల్పటాస్విర్ అడ్డుకునే ఎన్‌ఎస్5ఏ అనే వైరస్ ప్రొటీన్‌లో వచ్చే మార్పు; రెసిస్టెన్స్ పరీక్ష వెతికేది దీన్నే. ఆస్ట్రల్-3 ట్రయల్‌లో 12 వారాల సోఫోస్బువిర్-వెల్పటాస్విర్‌తో 3వ రకం వారిలో 95 శాతం మందికి నయమైంది. ముందే వై93హెచ్ ఉన్నవారిలో 84 శాతమే. అది కనబడితే రిబావిరిన్ కలుపుతారు: 75 కిలోల లోపు బరువుకు రోజుకు 1000 మి.గ్రా., ఆపైన 1200, రెండు పూటలుగా. లేదా వోక్సిలాప్రెవిర్ కలిసిన మూడు మందుల మాత్ర ఇస్తారు. రిబావిరిన్ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది కాబట్టి మొదటి నెలలో హిమోగ్లోబిన్ చూస్తూ ఉండాలి. గర్భిణికి అసలు ఇవ్వకూడదు.

పొట్టలో నీరు చేరే దశకు వచ్చినవారికి ఈ పరీక్షతో పెద్ద తేడా రాదు. వారికి ఎలాగూ రిబావిరిన్ కలుపుతారు, వోక్సిలాప్రెవిర్ నిషిద్ధం.

శాంపిల్ మొదటి మాత్రకు ముందే తీయాలి. కొద్ది రోజుల్లోనే రక్తంలో వైరస్ బాగా తగ్గిపోయి దాని జన్యు క్రమం చదవడానికి రాదు. ల్యాబ్ చీటీ మీద ఎన్‌ఎస్5ఏ అని స్పష్టంగా రాయాలి, లేదంటే వట్టి జీనోటైప్ చేసి పంపేస్తారు. జన్యు క్రమం చదివే సాంగర్ పద్ధతికి, రోగిలోని వైరస్‌లలో 15-20 శాతం లోపు వాటిలోనే ఉన్న మార్పు సాధారణంగా దొరకదు. పరీక్ష అందుబాటులో లేకపోతే వైద్యం వాయిదా వేయడం కంటే రిబావిరిన్ కలిపి మొదలుపెట్టడమే మేలు.

హెపటైటిస్ బి ఉందేమో చూసే హెచ్‌బీఎస్‌ఏజీ రక్తపరీక్ష మాత్రం ఎవరికీ వదలకూడదు. సి వైరస్ తగ్గుతుంటే దాగి ఉన్న బి విజృంభించి కాలేయాన్ని దెబ్బతీయగలదు.